దెబ్బకు ముందే పడ్డావు

పోయిన వారం నన్ను మెట్ల మీద వదిలేసి వెళ్ళారు మీరు. తప్పు మీది కాదు లెండి, పత్రికలో నాకిచ్చిన కాగితం అయిపోయింది. పరుపుల దుకాణం పక్కనుంచి మా రిహార్సల్ హాలుకు ఎక్కే ఇరుకు మెట్ల మీద మా డ్రమ్ము బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆపి, "అమ్మాయ్, నువ్వు ఏనాడూ ముందు పడలేదు" అన్నాడు. అంతే అన్నాడు. ఆ ముక్కకు అర్థం తెలియాలంటే వారం రోజులు ఆగాలా అని మా అక్కతో సహా చాలామంది నన్ను తిట్టుకున్నారట. నేను పదకొండేళ్ళు ఆగాను. మీరు వారం ఆగలేరా.

ఇవాళే ఈ కథలోకి వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కలు. నేను డాన్సరును. నేను 'అతను' అని రాసే మనిషి మా గుంపుకు మాస్టారు, ఒకప్పుడు నా మొగుడు, ఇప్పటికీ నా జంట. స్టేజి మీద జంట అన్నమాట. విడిపోయి మూడేళ్ళయింది. మేమిద్దరం కలిసి ఆడిన 'ఒకే తలుపు' అనే నాట్యానికి మాత్రం ఇంకా గిరాకీ తగ్గలేదు. శనివారం సాయంత్రం మళ్ళీ ఆడాలి. నేను ఆడతానో లేదో గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపల తేల్చి చెప్పమని హాలు మేనేజరు గడువు పెట్టాడు. నేను కాదంటే నా పాత్ర పిచ్చుకకు పోతుంది. పిచ్చుక మా గుంపులో ఇరవై రెండేళ్ళ పిల్ల. నా దగ్గరే మొదటి అడుగు నేర్చుకుంది. గుప్పెడంత మనిషి కాబట్టి ఆ పేరు. నేను మెట్లెక్కుతున్నది ఆ గురువారమే, పదకొండుంబావుకు.

బాబాయి మాట మీ చెవిన వేసే ముందు ఆ నాట్యం గురించి చెప్పాలి. లేకపోతే మీకు ఒక్క ముక్క అర్థం కాదు.

స్టేజి మీద ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ లేని ఒక తలుపు చట్రం. మొగుడూ పెళ్ళామూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఆమె గ్లాసును తన దగ్గరికి తీసుకుంటుంది. అతను దాన్ని రెండంగుళాలు అటు జరుపుతాడు. ఆమె మళ్ళీ ఇటు జరుపుతుంది. అతను మళ్ళీ అటు. ఆ జరపడం గ్లాసు నుంచి చేతుల్లోకి, చేతుల నుంచి భుజాల్లోకి, చివరికి ఒళ్ళంతటికీ పాకుతుంది. ఆమె కూర్చోబోయేసరికి అతను కుర్చీ తిప్పేస్తాడు, తిప్పిన వైపుకే ఆమె కూర్చోవాలి. మధ్యలో ఒకసారి ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుపోయి నవ్వుతారు. అక్కడ జనం కూడా నవ్వుతారు, నాకూ నిజంగానే నవ్వొచ్చేది. ఆమె మూడుసార్లు తలుపు దాకా వెళ్తుంది. అతను ఆపడు. బల్ల మీద రెండు వేళ్ళతో టకటకమని కొడతాడు, అంతే. ఆమె తిరిగి వచ్చేస్తుంది.

ఆ టకటక మా ఇంటిదే. మంచినీళ్ళు కావాలంటే అతను అలాగే కొట్టేవాడు. గ్లాసు మాదే, కుర్చీ తిప్పడం మాదే, ఒక కుర్చీలో ఇద్దరం ఇరుక్కున్న రోజులూ మావే. ఇల్లు ఖాళీ చేసినట్టు మా కాపురాన్ని సామాన్లతో సహా తెచ్చి స్టేజి మీద దింపాం.

చివర్లో సంగీతం ఆగిపోతుంది. ఆమె తలుపు వైపు తిరిగి, అతనికి వీపు పెట్టి నిలబడుతుంది. అతను బల్ల దగ్గర బయలుదేరి, చప్పుడు లేకుండా ఏడడుగులు వేసి ఆమె వెనక్కి రావాలి. ఏడో అడుగు నేలకు ఆనగానే బాబాయి డ్రమ్ము అంచు మీద పుల్లతో ఒక్కటి కొడతాడు. మేం దాన్ని చెక్కదెబ్బ అంటాం. అది వినపడగానే ఆమె వెనక్కి పడిపోవాలి. మోకాలు వంచకూడదు, తల తిప్పకూడదు, కాలు వెనక్కి వెయ్యకూడదు. అతను వచ్చాడో లేదో ఆమెకు తెలియదు. దెబ్బ పడిందంటే వచ్చినట్టే.

"నువ్వు లెక్కపెట్టకు, లెక్కపెడితే నీ వీపులో కనిపిస్తుంది. ఊరికే విను" అనేవాడు మొదట్నుంచీ. సరే అన్నాను. లెక్క అతనిది, చెవి నాది.

నా తల నేలకు జానెడు ఎత్తులో ఉండగా అతని చేతులు వచ్చేవి. ప్రతిసారీ జానెడే. హాల్లో అందరి ఊపిరీ ఆగి, ఆ తర్వాత చప్పట్లు మోగేవి. తెర దిగాక అతను తువాలుతో మెడ తుడుచుకుంటూ, కోపం కూడా లేకుండా, ఎంతో ఓర్పుగా అనేవాడు, "దెబ్బకు ముందే పడ్డావు. నీకు తొందరెక్కువ."

దెబ్బ విన్నాకే పడ్డానని నాకనిపించేది, కానీ లెక్క అతనిది కాబట్టి తప్పు నా చెవిదే అనుకున్నాను. ఆ తొందర మాట స్టేజి దిగి మాతోపాటు ఇంటికి వచ్చేది. అన్నం మాడితే తొందర. అద్దె ఇంట్లో గాలి రావట్లేదంటే తొందర. పిల్లల గురించి అడిగితే తొందర. విడిపోదామన్నప్పుడు మా అమ్మ కూడా అంది, "చిన్నప్పట్నుంచీ అంతేనే, నీకు తొందర" అని. చిన్నప్పుడు నేను బడికి కూడా ఆలస్యంగా వెళ్ళేదాన్ని. ఆ సంగతి అమ్మకు గుర్తు లేదు, నాకూ గుర్తు రాలేదు. ఒక మాట ఏళ్ళ తరబడి చెవిలో పడుతుంటే మన చిన్నతనం కూడా దానికి తగ్గట్టు మారిపోతుంది.

ఐదేళ్ళ కిందట ఒకసారి ఆ చేతులు జానెడు దగ్గర కూడా రాలేదు. నా కుడి భుజం కీలు తప్పింది. ఇప్పటికీ ఆ చెయ్యి చెవి దాకానే లేస్తుంది. ఆస్పత్రి మంచం మీద పడుకుని అతనికి నేనే సారీ చెప్పాను, ముందు పడినందుకు. ఇది రాస్తుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ప్రదర్శన అయ్యాక ఆడవాళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చేవారు. ఒకావిడ అంది, "ఎన్ని గొడవలున్నా చివరికి పట్టుకున్నాడు కదమ్మా, ఆడదానికి అది చాలు." ఆవిడ ఇంట్లో ఏం జరుగుతోందో నేను అడగలేదు. "అవునండీ" అన్నాను. భుజం నొప్పి కన్నా ఆ 'అవునండీ' నన్ను ఎక్కువ పీడిస్తోంది.

'పడటం' అన్న ఒక్క మాటతో మనం ఎన్ని పనులు చేయిస్తామో గమనించారా. మాటలు పడతాం. పాట్లు పడతాం. భయపడతాం, సిగ్గుపడతాం, రాజీపడతాం. ఎక్కడికీ పోలేక ఒక మూల పడి ఉంటాం. చివరికి ఇద్దరికీ పడలేదని ఊళ్ళోవాళ్ళు తేల్చేస్తారు. మా ఇద్దరికీ పడలేదు, నిజమే. కానీ పడని ఆ ఇంట్లో ఈ పడటాలన్నీ నా వంతుకే వచ్చాయి. అతని వంతుకు పట్టుకోవడం ఒక్కటే వచ్చింది, దానికి చప్పట్లు కూడా అతనికే.

ఇక మెట్ల మీదికి వద్దాం.

"ముందు పడలేదంటే ఏంటి బాబాయ్?" అన్నాను.

బాబాయి అరవై దాటిన మనిషి. చేతుల్లో పుల్లలు లేకపోతే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు ఆయనకు. ఆ రోజు పుల్లలు సంచిలో ఉన్నాయి, అందుకని చొక్కా గుండీ ఒకటి పెట్టుకుంటూ తీస్తూ నిలబడ్డాడు.

"నువ్వు దెబ్బకే పడ్డావమ్మా. ప్రతిసారీ దెబ్బకే. నీ చెవికి తిరుగులేదు. దెబ్బే ముందు పడింది."

"ముందు కొట్టిందెవరు?"

"నేనే."

"ఎందుకు?"

గుండీ వదిలేశాడు. "మాస్టారు కొట్టమన్నారు. ఆరో అడుగు ఆని, ఏడో అడుగు ఇంకా గాల్లో ఉండగానే కొట్టమన్నారు. మొదటి ఆట నుంచీ అంతే. 'భయం నటిస్తే జనానికి తెలిసిపోతుంది బాబాయ్, భయం నిజంగా ఉండాలి' అన్నారు."

గుండె గుభేలుమందని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. ముందు నాకు నవ్వొచ్చింది. పదకొండేళ్ళుగా నాలో ఉందని నేను నమ్మిన ఆ తొందర, ఒక ముసలాయన మణికట్టులో ఉంది. ఎన్నిసార్లు అద్దం ముందు నిలబడి నా కాళ్ళను నేనే తిట్టుకున్నాను. ఆ తర్వాత మెట్టు మీద కూర్చుండిపోయాను.

"ఇన్నేళ్ళూ నోరు మెదపలేదేం?"

"మొదట్లో అది కళే అనుకున్నాను. నీ భుజం పోయాక చెప్పడానికి మొహం చెల్లలేదు. పొద్దున్నే ఆస్పత్రికి వచ్చాను కూడా. నువ్వు ఆయనకి సారీ చెప్తున్నావు. గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాను."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

బాబాయి పైకి, హాలు వైపు చూశాడు. "నిన్న పిచ్చుకను చూపించి మాస్టారు అన్నారు, 'ఈ పిల్ల తేలిక, ఇంకొంచెం ముందు కొట్టినా పట్టుకోగలను' అని."

అక్కడ నాకు ఒళ్ళు మండింది. నా పదకొండేళ్ళు ఎలాగూ తిరిగి రావు. ఈ పిల్ల మెడ ఇంకా చెక్కుచెదరలేదు. నేను 'ఆడను' అని ఊరుకుంటే శనివారం పడేది అదే, ఆదివారం నుంచి 'నీకు తొందర' అని మాటలు పడేదీ అదే.

"పైకొచ్చి ఈ మాట అందరి ముందూ చెప్తావా?"

"నాచేత కాదమ్మా."

"సరే, నోటితో చెప్పకు. కొట్టమన్నప్పుడు కొట్టు, చాలు" అని లేచాను.

మా హాలు పొడుగ్గా ఉంటుంది, ఒక గోడంతా అద్దం. నేల మీద సుద్దతో ఏడు గీతలు గీసి ఉంటాయి, అతని అడుగులకు. కింద పరుపుల దుకాణం కాబట్టి ఇన్నేళ్ళూ నేను పడింది వందల పరుపుల మీదే, మధ్యలో సిమెంటు నేల అడ్డం వచ్చింది గానీ. మేనేజరు గుమ్మం పక్కన కుర్చీలో పోస్టరు చుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిచ్చుక తలుపు చట్రం దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. దాని వెనక అతను.

"లెక్కపెట్టకు. నీ వీపులో కనిపిస్తుంది. ఊరికే విను" అంటున్నాడు.

అతను అందగాడు. ఆ సంగతి రాయకపోతే అన్యాయం. నలభై ఆరేళ్ళ వయసులో కూడా నడిస్తే నేలకు తెలియదు. నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు.

"వచ్చావా. ఆడతావా, ఈ పిల్లకి ఇస్తావా?"

"ఆడతాను."

మేనేజరు హమ్మయ్య అనుకుంటూ వెనక్కి వాలాడు.

"ఆడతాను. పడను" అన్నాను.

మేనేజరు మళ్ళీ ముందుకు వంగాడు. అతను మాత్రం చిరునవ్వు చెదరనివ్వలేదు. "పడకపోతే ఇంక ఆటేముంది?"

"పడే మనిషి మారుతుంది. తలుపు దగ్గర నువ్వు నిలబడు. బల్ల దగ్గర్నుంచి నేను వస్తాను. నువ్వు పడు, నేను పట్టుకుంటాను."

పిచ్చుక గబుక్కున నా వైపు తిరిగింది. నేనన్న విషయానికి కాదు, 'నువ్వు' అన్నందుకు. అతని దగ్గర నేర్చుకున్న రోజుల్లో గురువు కాబట్టి 'మీరు'. పెళ్ళయ్యాక మొగుడు కాబట్టి 'మీరు'. విడిపోయాక నోటికి అలవాటు కాబట్టి 'మీరు'. ఆ గురువారం పొద్దున మొదటిసారి 'నువ్వు' అన్నాను. నాలుకేమీ తడబడలేదు.

అతనికీ అది తగిలింది. చిరునవ్వు పోయింది. "నీ భుజానికి నన్ను ఆపే సత్తా ఉందా?"

"నువ్వు పడితే కదా తెలిసేది."

"కథ పాడైపోతుంది. ఆమె పడటం, అతను పట్టుకోవడం, అదే కదా దాని ప్రాణం. ఇది ప్రేమకథ."

"ప్రేమకథైతే ఎవరు పట్టుకుంటే ఏం?"

"నీతో ఇదే చిక్కు" అన్నాడు మేనేజరు వైపు చూస్తూ, ఇంట్లో సంగతి బయటివాళ్ళతో చెప్పుకునే గొంతుతో. "ఆలోచన ఉండదు. తొందర."

"పిచ్చుకా, ఆ మాట గుర్తుపెట్టుకో" అన్నాను. "శనివారం నువ్వు పడితే, తెర దిగాక నీకూ అదే వస్తుంది. దెబ్బకు ముందే పడ్డావంటాడు. నువ్వు నమ్ముతావు. నేను నమ్మాను." అతని వైపు తిరిగాను. "చెక్కదెబ్బ ఎప్పుడు కొట్టమన్నావో నువ్వే చెప్పు. అందరి ముందూ."

కింద దుకాణంలో ఎవరో పరుపును దులుపుతున్న చప్పుడు వస్తోంది. అతను బాబాయిని చూశాడు. బాబాయి తన పుల్లలను చూసుకున్నాడు.

బుకాయిస్తాడనుకున్నాను. బుకాయిస్తే నా పని సులువయ్యేది.

"అవును, ముందే కొట్టమన్నాను" అన్నాడు. "అయితే ఏంటి? ఆ అర అడుగే మనకు పేరు తెచ్చింది. జనం ఊపిరి ఆగేది అక్కడే. అది లేకపోతే ఇద్దరు మనుషులు బల్ల చుట్టూ తిరిగారు, అంతే. ఏనాడైనా నిన్ను కింద పడేశానా?"

"ఒకసారి."

"పదకొండేళ్ళలో ఒక్కసారి."

"ఆ ఒక్కసారికీ సారీ చెప్పింది నేనే. నువ్వు పక్కన కూర్చుని 'పర్లేదులే' అన్నావు."

అతను ఒక క్షణం కళ్ళు దించాడు. మళ్ళీ ఎత్తాడు. "నీకు ముందే చెప్పుంటే నువ్వు అలా పడగలిగేదానివా? తెలిసిన ఒళ్ళు తెలిసినట్టే పడుతుంది. నువ్వూ డాన్సరువే, నీకు తెలియదా?"

తెలుసు. అదే నా మంట. అతను చెప్పిందాంట్లో నిజముంది. ఆ జానెడు దగ్గర ఆగిన ఊపిరిని నేనూ విన్నాను, దాని కోసం నేనూ ప్రాణం పెట్టేదాన్ని. 'అర అడుగు ముందు కొట్టిస్తాను, పడతావా' అని అడిగి ఉంటే, ఆ వయసులో, ఆ పిచ్చిలో, పడి ఉండేదాన్నేమో. అడగలేదు. నా భయాన్ని నాకు తెలియకుండా తీసుకుని వాడుకున్నాడు. వాడుకుని, అది నా లోపమని నాకే చెప్పాడు. మొదటిది కళ అనుకుంటే అనుకోండి, నేను వాదించను. రెండోదానికి ఏం పేరు పెడతారు?

ఇదంతా అప్పుడు నోటికి రాలేదు. "అడిగి చూడాల్సింది" అన్నాను, అంతే.

"సరే, నీతో వాదన ఎందుకు. ఈ పిల్ల చేస్తుంది. పిచ్చుకా, నిలబడు" అన్నాడు.

పిచ్చుక నిలబడలేదు. తలుపు చట్రం దగ్గర్నుంచి నడిచి వచ్చి, బల్ల దగ్గరున్న కుర్చీని తనకు కావలసిన వైపు తిప్పుకుని కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు గట్టిగా అదిమిపెట్టుకుంది.

"నేను పడను మాస్టారూ. మీరు పడండి, మేం చూస్తాం."

ఆ పిల్ల నోట్లో నాలుక లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను నేను. ముద్దు పెట్టుకోవాలనిపించింది.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. "పదకొండూ నలభై అయిందండీ. ఎవరు పడితే నాకేం, ఎవరో ఒకరు పడాలి. పోస్టర్లు అంటించేశాం. పోస్టరు మీద పడుతున్నట్టే ఉంది బొమ్మ."

అతను అందరి మొహాలూ ఒకసారి చూశాడు. గదిలో అతని వైపు ఎవరూ లేకపోవడం అతనికి కొత్త. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "పడటమే కదా, ఎంతసేపు" అంటూ తలుపు చట్రం దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. పదకొండేళ్ళలో ఆ చోటు నుంచి ఆ తలుపును ఎప్పుడూ చూడలేదు. వీపు పెట్టి నిలబడిన మనిషి ఇక్కణ్ణుంచి ఎంత చిన్నగా కనిపిస్తాడో అప్పుడే తెలిసింది.

"బాబాయ్, ఏడుకే కొట్టు" అన్నాను.

ఒకటి, రెండు, మూడు. సుద్ద గీతల మీద నా పాదాలు. ఏడో గీత మీద అడుగు ఆనింది, చెక్కదెబ్బ ఠక్కుమంది. అతను వెనక్కి వాలాడు, వాలుతూనే ఎడమ మడమ వెనక్కి వేసి ఆగిపోయాడు. మెట్టు దిగబోయి తమాయించుకున్న మనిషిలా ఉన్నాడు.

"కాలు జారింది" అన్నాడు.

"నేల పొడిగానే ఉంది మాస్టారూ" అంది పిచ్చుక.

రెండోసారి. మళ్ళీ ఏడడుగులు, మళ్ళీ దెబ్బ. ఈసారి కాలు కదల్లేదు గానీ తల తిరిగింది. భుజం మీదుగా నా చేతులు ఎక్కడున్నాయో చూసుకున్నాడు. చూసుకున్నాక ఇంక పడేదేముంది.

"బాబాయ్, సరిగ్గా కొట్టు" అని విసుక్కున్నాడు.

"సరిగ్గానే కొట్టాను మాస్టారూ."

"ఏడుకే కొట్టావా?"

"ఏడుకే."

పిచ్చుకకు నవ్వు ఆగలేదు, చేత్తో నోరు మూసుకుంది. మేనేజరు కూడా పోస్టరు చుట్ట వెనక మొహం దాచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. పదకొండేళ్ళలో నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. అతను రెండోసారికే అడిగాడు. నాకు తొందరట.

"పడలేకపోతే చెప్పు. తప్పేం లేదు" అన్నాను. "పడటం కష్టం. నాకు తెలుసు."

అతని మెడ ఎర్రబడింది. అద్దంలో నా కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. కోపం వెనక ఇంకోటి ఉంది, దాన్ని నేను కాపురంలో చూడలేదు. ఇన్నేళ్ళు నా మొహంలో ఉండి ఉంటుంది, నా మొహం నాకు కనిపించదు కదా.

"ఇంకోసారి" అన్నాడు.

"లెక్కపెట్టకు" అన్నాను. "నీ వీపులో కనిపిస్తోంది. ఊరికే విను."

అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తలుపు చట్రం వైపు తిరిగాడు. కళ్ళు మూసుకున్నాడు, అద్దంలో చూశాను. భుజాలు కిందికి దిగాయి. నిజంగా వింటున్న మనిషి వీపు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఈసారి పడతాడు.

నిజం చెప్తున్నాను, నేను అతన్ని పట్టుకుందామనే బయలుదేరాను. ఏడో అడుగుకు సరిగ్గా వెళ్ళి, నేలకు జానెడు దాకా రానివ్వకుండా, నడుము ఎత్తులోనే పట్టుకుని, 'చూడు, పట్టుకోవడం ఇంత తేలిక' అని అందరి ముందూ చూపించాలనే. అంతకు మించి నాకు ఏ కక్షా లేదు. ఉంటే ఈ కథలో దాచను.

ఒకటి. రెండు. బాబాయి కళ్ళు నా పాదాల మీద ఉన్నాయి. మూడు. నాలుగు. పిచ్చుక కుర్చీలోంచి లేచి నిలబడింది. ఐదు. మేనేజరు పోస్టరు చుట్టను గుండెలకు అదుముకున్నాడు. ఆరు. కుడి పాదం గీత మీద మెత్తగా ఆనింది. ఎడమ పాదం లేచింది.

ఠక్.

అలవాటుగా కొట్టాడో కావాలనే కొట్టాడో, బాబాయి మొహం చూసే వ్యవధి లేదు. నా ఏడో అడుగు ఇంకా గాల్లోనే ఉంది. చేతులు ఇంకా చాచనేలేదు. అతను మోకాలు వంచలేదు, తల తిప్పలేదు, కాలు వెనక్కి వెయ్యలేదు. మా ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను నమ్మి, నిలువునా వెనక్కి పడ్డాడు.